ఒత్తులు వచ్చేదాకా ఆ పుస్తకం ఆగాలా?

కిందటి డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి వెళ్ళినప్పుడు పిల్లల పుస్తకాల స్టాల్ ఒకదాని ముందు నిలబడి ఉన్నాను. పక్కనే ఒక బాబు, ఏడేళ్ళు ఉంటాయేమో, లావుపాటి కథల పుస్తకం ఒకటి తీసి రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నాడు. అట్ట మీద రెక్కల గుర్రం బొమ్మ. వాళ్ళమ్మ దాన్ని మెల్లగా తీసుకుని, "నీకింకా ఒత్తులే రావు కదరా, ఇది ఎలా చదువుతావు?" అని ఒక పదహారు పేజీల బొమ్మల పుస్తకం చేతిలో పెట్టింది. ఆవిడ కోపంగా అనలేదు, వాడూ ఏడవలేదు. కొత్త పుస్తకాన్ని తెరిచి కూడా చూడకుండా చంకలో పెట్టుకుని ఆవిడ వెనకే నడిచాడు.

సరిగ్గా ఆ మాటే నేను మా అమ్మాయితో అంతకు ఏడాది ముందు అన్నాను. అందుకే ఇంటికొచ్చాక కూడా ఆ బాబు ముఖం నన్ను వదల్లేదు. మా అమ్మాయిని మేం ఇంట్లోనే చదివించుకుంటున్నాం. ఎందుకు, ఏమిటి అన్నది ఇక్కడ చెప్పను, ఆ చర్చ చాలాసార్లు అయింది. ఇంట్లో చదివించేవాళ్ళకి ఒక సదుపాయం ఉంది. ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలో మనమే నిర్ణయించుకోవచ్చు. అలాంటి సదుపాయం చేతిలో ఉండి కూడా నేను బడిలో ఉన్న వరసనే ఇంటికి తెచ్చుకున్నాను. ముందు అక్షరాలు, తర్వాత గుణింతాలు, తర్వాత ఒత్తు లేని పదాలు, ఆ తర్వాత ద్విత్వాలు, సంయుక్తాలు, అవన్నీ అయ్యాక కథలు. ఈ వరసలో ఆఖరి మెట్టు, అంటే కథల్ని అన్నిటికంటే చివర పెట్టడం, తప్పని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

అమ్మ అన్న మాటలోనే ఒత్తు ఉంది

కాగితం తీసుకుని పసిపిల్లలు మొట్టమొదట పలికే మాటలు రాసి చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, తాతయ్య, అమ్మమ్మ. వంటింట్లోకి వెళ్తే అన్నం, పప్పు, నెయ్యి. వాకిట్లోకి వస్తే కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు, ముగ్గు. వీటిలో ఒత్తు లేని మాట ఒక్కటీ లేదు. పిల్లల బతుకంతా ఒత్తుల్లోనే ఉంది. మనమేమో ఒత్తులు కష్టం కాబట్టి తర్వాత చూద్దామని, ఈలోగా వాళ్ళతో అల, వల, గద, ఊయల, ఐరావతం, ఔషధం చదివిస్తాం. ఐరావతాన్ని ఎన్నడూ చూడని పిల్ల ఆ పదం నెలల తరబడి చదువుతుంది. రోజుకి వందసార్లు పిలిచే అమ్మని చదవడానికి మాత్రం ఆగాలి.

ఒత్తులు కష్టం అన్నది నిజమే, దాన్ని తేలిక చేసి చెప్పను. కొన్ని ఒత్తులకి తలకట్టు తీసేస్తే చాలు, అక్షరం పోలిక కనిపిస్తుంది. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తు పెట్టుకోవాల్సిందే. తెలుగు లిపికి అక్కచెల్లెలి లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన ఒకటి 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడటానికి కన్నడ పిల్లలకి మూడో తరగతి, నాలుగో తరగతి దాకా పడుతోందని అందులో తేలింది. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలతో పని మొదలవుతుంది, మనకి ఒక్క గుణింతాలే లెక్కేసినా నాలుగొందలు పైన. కాబట్టి ఏడేళ్ళ పిల్లకి ఒత్తులు రాలేదంటే ఆ పిల్ల వెనకబడినట్టు కాదు, ఈ లిపికి అంత సమయం పడుతుంది.

మరి మూడేళ్ళో నాలుగేళ్ళో పట్టే పని పూర్తయ్యేదాకా పిల్ల మనసు దేన్ని తిని పెరగాలి? ఆ వయసులోనే కదా రాక్షసులు, మాయలు, అడవులు, ఓడలు అన్నీ కావాలి!

బీరువాలో బౌండు

మా పుట్టింట్లో పాత పిల్లల మాసపత్రికలు పన్నెండేసి కలిపి కుట్టించిన బౌండ్లు ఉన్నాయి. మా నాన్నగారు కుట్టించారు. ఏ పత్రికో చెప్పక్కర్లేదు, నా వయసు వాళ్ళకి తెలిసిపోతుంది. ఒక సెలవుల్లో వాటిలో ఒకటి హైదరాబాద్ తెచ్చుకున్నాను. మా అమ్మాయి బొమ్మలు చూసి, "అమ్మా, ఈ మొసలి మీద కూర్చున్న అబ్బాయి ఎవరు?" అంది. నేను ఆ మాట అన్నది అప్పుడే. ఒత్తులు వచ్చాక చదువుకుందువుగానిలే అన్నాను.

అది తర్వాత చాలా రోజులు ఆ ఊసెత్తలేదు. ఒక మధ్యాహ్నం చూస్తే బీరువా ముందు కింద కూర్చుని, బౌండు ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి తనకి వచ్చిన అక్షరాలు మాత్రం ఏరుకుంటోంది. "రా... కు... డు" అంటోంది. అక్కడున్నది రాజకుమారుడు. మధ్యలో రానివి వదిలేస్తూ వెళ్తోంది. నన్ను చూడగానే పుస్తకం మూసేసింది, తప్పు చేసినట్టు. నాకు గొంతు పట్టేసింది. చదువుకోవాలని పిల్లని ఇంట్లో పెట్టుకుని, చదవడం దొంగతనంగా చెయ్యాల్సిన పనిగా మార్చానా అనిపించింది.

ఆ రోజు నుంచి సాయంత్రం పదిహేను నిమిషాలు ఆ బౌండుకి కేటాయించాం. ఎలా చేస్తామో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కష్టమైన పుస్తకం ఇచ్చి పిల్లని దాని మానాన వదిలేయమని నేను చెప్పడం లేదు, అలా చేస్తే నెల తిరిగేసరికి పుస్తకం అంటేనే భయం పట్టుకుంటుంది.

ఎదురుగా కూర్చోను, పక్కన కూర్చుంటాను. ఎదురుగా కూర్చుంటే అది పరీక్ష అయిపోతుంది. మొదట ఆ పేజీ మొత్తం నేనే పైకి చదువుతాను, నా వేలు అక్షరాల కింద నడుస్తూ ఉంటుంది. తర్వాత ఇద్దరం కలిసి చదువుతాం. తనకి ధైర్యం వచ్చినచోట నా చేతి మీద తడుతుంది, నేను ఆగిపోతాను, అది ఒక్కతే చదువుతుంది. ఎక్కడైనా ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పేస్తాను. తను ఒకసారి అంటుంది, మళ్ళీ కలిసి ముందుకెళ్తాం. ఇది నా సొంత ఉపాయం కాదు. బ్రిటన్‌లో 1970ల్లో రోజర్ మోర్గాన్ మొదలుపెట్టి, తర్వాత కీత్ టాపింగ్ ఎన్నో బడుల్లోకి తీసుకెళ్ళిన పద్ధతి దాదాపు ఇదే. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, పుస్తకం ఎంచుకునేది పిల్లలే, అది ఎంత కష్టమైనదైనా సరే.

మాట చెప్పేసేటప్పుడు, "నిన్ననే కదా చెప్పాను" అనకుండా ఉండటానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ ఒక్క ముక్క అంటే ఆ పూట చదువు అక్కడితో ఆగిపోయేది. పిల్ల తర్వాతి మాటకి కూడా నా ముఖం వైపే చూసేది, పేజీ వైపు కాదు.

పొడుగు మాటల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. తెలుగులో మాట పక్కన మాట చేరి ఒకటే అయిపోతుంది కదా. "తీసుకురాలేకపోయానన్నాడు" అని ఒకచోట వచ్చింది. మా అమ్మాయి "తీసుకురా" దాకా వచ్చి, తర్వాతి ముక్క కూడబలుక్కునేసరికి ముందుది మరిచిపోయి మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఇలా మూడుసార్లు. ఇక్కడ అక్షరాలన్నీ తనకి వచ్చినవే, మాట పొడుగే అడ్డం. పెన్సిల్‌తో సన్నగా గీతలు పెట్టాను, తీసుకు, రాలేక, పోయాను, అన్నాడు అని. పాత పుస్తకం మీద గీతలేమిటని నాకే కాస్త బాధ వేసింది కానీ, మా నాన్నగారు ఉంటే ముందు ఆయనే గీసేవారు. రెండు వారాలకి తనే "అమ్మా, ఇక్కడ కొయ్యాలి" అని పెన్సిల్ తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇంకొకటి, మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. గుర్రం దిగి, కొలను దగ్గరికి వెళ్ళి, నీళ్ళు తాగి, చెట్టు కింద నడుం వాల్చి అంటూ పోయే వాక్యంలో చివరికి వచ్చేసరికి ఇదంతా చేసింది ఎవరో పిల్లలకి గుర్తుండదు. అందుకే ఆ వాక్యం అయ్యాక "ఎవరు?" అని ఒక్కటే అడుగుతాను. అంతకు మించి ప్రశ్నలు వేయను. కథ మధ్యలో ప్రశ్నలు వేస్తే పిల్లలకి ఒళ్ళు మండుతుంది, అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఐదు వేళ్ళ లెక్క

ఒక స్నేహితురాలు, ఆవిడ కూడా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తుంది, నన్ను గట్టిగా నిలదీసింది. "పేజీలో ఐదు మాటలు రాకపోతే ఆ పుస్తకం పిల్లకి ఎక్కువైనట్టే, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే పక్కన పెట్టెయ్యాలి. నువ్వు పాతిక మాటలు రాని పేజీ చదివిస్తున్నావు" అంది.

ఈ లెక్కకి పెద్ద చరిత్రే ఉంది. 1946లో ఎమ్మెట్ బెట్స్ అనే అమెరికా విద్యావేత్త, వంద మాటల్లో తొంభై ఐదు చదవగలిగితే అది నేర్పడానికి తగిన పుస్తకమనీ, తొంభై లోపు అయితే విసుగు పుట్టించే పుస్తకమనీ గీతలు గీశాడు. మెట్లు మెట్లుగా పుస్తకాలు చేసే అలవాటు వెనక ఈ ఆలోచన ఉంది. నేను దాన్ని కొట్టిపారేయను. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు మెట్లుగా ఉచితంగా దొరుకుతాయి, మా అమ్మాయి మొదటి రెండు మెట్లవి బోలెడు చదివింది. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ చిన్న పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. తనంతట తను కూర్చుని చదువుకోవడానికి అవి కావాలి, రోజూ కావాలి.

కానీ ఆ లెక్క నాకు రెండు చోట్ల కుదరడం లేదు. ఒకటి, అది ఇంగ్లీషు మాటల్ని చూసి పెట్టిన లెక్క. తీసుకురాలేకపోయానన్నాడు అన్నది ఒక మాటా, నాలుగా? అది రాకపోతే ఒక వేలు ముడవాలా, నాలుగు ముడవాలా? రెండోది దానికంటే ముఖ్యం. పక్కన ఎవరూ లేకుండా చదివే పిల్లకీ, పక్కన అమ్మ కూర్చున్న పిల్లకీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? 2000లో అమెరికాలో మోర్గాన్ (ఇందాక చెప్పిన రోజర్ మోర్గాన్ కాదు), విల్‌కాక్స్, ఎల్‌డ్రెడ్జ్ అని ముగ్గురు ఒక పరిశోధన అచ్చువేశారు. చదువులో వెనకబడ్డ రెండో తరగతి పిల్లల్ని బాగా చదివే పిల్లలతో జోడీ కట్టి, పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే పుస్తకం కలిసి చదివించారు. తమ స్థాయి పుస్తకాలు చదివిన పిల్లలకంటే, రెండు తరగతులు పై పుస్తకాలు చదివిన పిల్లలు ఎక్కువ ముందుకెళ్ళారు. అది ఇంగ్లీషులో జరిగింది, అక్కడి పిల్లల మీద జరిగింది. తెలుగుకి అచ్చంగా అలాగే వర్తిస్తుందని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ పక్కన తోడుంటే పిల్ల మోయగలిగే బరువు మారుతుందన్నది మా సోఫా మీద రోజూ చూస్తున్నాను.

పిల్లలకి చెవితో అర్థమయ్యేది కంటితో చదవగలిగే దానికంటే ఎప్పుడూ ఎక్కువే. ఆరేళ్ళ పిల్ల నానమ్మ చెప్పే భారతం కథ వింటుంది, శకుని ఎందుకలా చేశాడని అడుగుతుంది, మళ్ళీ తను చదవాల్సి వచ్చేసరికి "ఉడత ఊగింది" దగ్గర కూర్చోబెడతాం. ఆ తేడా చూసి చదువంటే ఇంత చప్పగా ఉంటుందా అనుకోవడంలో వింతేముంది?

అత్తయ్య వంటింట్లోంచి అన్న మాట

ఇప్పుడు నా వాదానికి ఎదురొచ్చే సంగతి చెప్పాలి. మా అత్తయ్య కృష్ణా జిల్లాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరయ్యారు. బౌండు పట్టుకుని మేం కూర్చుంటే మొదట్లో ఏమీ అనలేదు. ఒక రోజు మా అమ్మాయి గడగడా చదువుతోంది, నేను కథలో పడిపోయి వింటున్నాను, వంటింట్లోంచి ఆవిడ, "అమ్మాయ్, అది చిత్తం అని చదివింది. అక్కడున్నది చిత్రం" అన్నారు. నాకు తెలియనే లేదు. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది, వంటింట్లో ఉన్న ఆవిడకి పుస్తకం కనబడదు, వాక్యం విని పట్టుకున్నారు.

ఆ రాత్రి ఆవిడ నాతో కూర్చుని చెప్పిన మాటలు ఇవి. "నువ్వు కథ చదివించడం మంచిదే. కానీ పిల్ల సగం చూసి, సగం ఊహించి చెప్పేస్తోంది. కథ తెలుసు కాబట్టి ఊహ సరిపోతోంది. రేపు తెలియని విషయం చదవాల్సి వస్తే ఊహ ఏం చేస్తుంది? క్రావడికీ (అంటే ర ఒత్తుకీ), త ఒత్తుకీ తేడా కంటికి తెలియాలి. అది పలక మీద తప్ప రాదు."

నేను ఒప్పుకున్నాను. మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాను, ఎందుకంటే నాలుగు నెలలు కథలు చదివినా మా అమ్మాయికి లక్ష్మి, స్త్రీ లాంటి మాటల్లో ఏ ఒత్తు ఎక్కడుందో విడిగా అడిగితే చెప్పలేకపోయేది. కథ దానంతటది ఒత్తులు నేర్పలేదు. మరుసటి రోజు నుంచి ఉదయం పది నిమిషాలు నానమ్మా మనవరాలూ పలక పట్టుకుని కూర్చునేవారు. రోజుకి ఒక్క ఒత్తు. కొత్తగా మేం చేసిందల్లా, ఆ ఒత్తుని సాయంత్రం బౌండులో వెతికేవాళ్ళం. ఒక పేజీలో క్రావడి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం దానికి ఆటైపోయింది. ఎక్కువ దొరికితే నానమ్మకి పరిగెత్తుకెళ్ళి చెప్పేది.

కాబట్టి పలక వద్దని నేను అనను. పలక పూర్తయ్యేదాకా కథని బీరువాలో పెట్టి తాళం వేయొద్దు అంటాను. రెండూ ఒకే రోజులో, ఒకే ఇంట్లో, వేరువేరు గంటల్లో నడవచ్చు. అత్తయ్య ఈ మాటకి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "మా బళ్ళో నలభైమంది ఉండేవాళ్ళు, ఒక్కొక్కళ్ళ పక్కన కూర్చోవడం కుదిరేదా?" అంటారు. అది నిజం. నలభైమందికి ఒక టీచరు ఉన్నచోట వరస తప్పనిసరి కావచ్చు. ఒక్క పిల్ల ఉన్నచోట కూడా ఆ వరసే ఎందుకు అన్నది నా ప్రశ్న.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు చదివి వినిపిస్తూ ఉంటే కొందరు పిల్లల అసలు ఇబ్బంది బయటపడదు. మాకు తెలిసిన ఒక బాబు కథలన్నీ అద్భుతంగా తిరిగి చెప్పేవాడు, పేజీ చూస్తే మాత్రం తల తిప్పేసేవాడు. చివరికి కంటి పరీక్ష చేయిస్తే కళ్ళజోడు అవసరమని తేలింది. కొందరికి కళ్ళు బాగానే ఉన్నా అక్షరాల దగ్గర ఏళ్ళ తరబడి తడబాటు ఉంటుంది, అలాంటప్పుడు బద్ధకం అని ముద్ర వేయకుండా తెలిసినవాళ్ళకి చూపించాలి. నా పద్ధతి బాగుందని ఆ సంగతి కప్పెట్టుకోకూడదు.

మెహిదీపట్నం బోర్డు

ఊహించి చదవడం గురించి అత్తయ్య అన్నది నా మనసులో చాలా రోజులు తిరిగింది. ఒక రోజు బస్టాప్‌లో నిలబడి ఉంటే మా అమ్మాయి వచ్చే బస్సు బోర్డు చూసి "మెహిదీపట్నం" అంది. ట కింద న ఒత్తు అప్పటికి పలక మీదికి రాలేదు. ఆ బస్సు మేం తరచూ ఎక్కేదే, అంటే ఊహించే చెప్పి ఉండొచ్చు. తేల్చుకుందామని ఇంటికొచ్చి పలక మీద "చట్నీ" అని రాసి చూపించాను. చ అంది, ట అంది, ఆగింది. నేను ఐదు లెక్కపెట్టాను. కింద ఉన్న ఒత్తు మీద వేలు పెట్టి, "ఇది పట్నంలో ఉంది కదా" అని, "చట్నీ!" అంది. తర్వాత "రత్నం" రాశాను, కాస్త తడబడి అదీ చదివింది.

మొదట ఊహే కావచ్చు. కానీ ఊహ సరైనదని తెలిశాక అది వెనక్కి తిరిగి ఆ గుర్తుని చూసి పెట్టుకుంది. పెద్ద పుస్తకంలో కూడా ఇదే జరుగుతోందని నా నమ్మకం. మాట ముందు తెలుస్తుంది, దాని వెనకాలే అక్షరం వచ్చి కూర్చుంటుంది. అందరు పిల్లలకీ ఇలాగే అవుతుందని అనలేను. మా అమ్మాయికి కొన్ని ఒత్తులు ఇలా వచ్చాయి, కొన్ని పలక మీదే వచ్చాయి, జ్ఞ మాత్రం రెండు చోట్లా ఇప్పటికీ సతాయిస్తోంది.

బౌండు మొదలుపెట్టిన రోజు అది ఒక్కతే చదివింది ఆరు లైన్లు. ఇప్పుడు పేజీలో సగం తనదే, సంభాషణలన్నీ తనవే, మాంత్రికుడి మాటలకి గొంతు మార్చి మరీ చదువుతుంది. అలసిపోయిన రోజు పుస్తకం నా ఒళ్ళోకి తోసి "ఇవాళ నువ్వే" అంటుంది, నేనే చదువుతాను. ఆ రోజుల్ని వృథా కింద లెక్కపెట్టను.

పుస్తక ప్రదర్శనలో ఆ రోజు ఆ అమ్మతో మాట్లాడి ఉండాల్సింది. కొత్తవాళ్ళకి సలహా చెప్పడం బాగోదేమోనని ఊరుకున్నాను. మాట్లాడి ఉంటే ఒక్కటే చెప్పేదాన్ని. ఆ చిన్న పుస్తకం కూడా కొనండి, ఆ రెక్కల గుర్రం కూడా కొనండి, రాత్రి పూట వాడి పక్కన కూర్చోండి అని.

మొన్న రాత్రి సీరియల్ కథ చివరి భాగానికి వచ్చాం. ఒక పొడుగు మాట దగ్గర ఆగింది. అలవాటుగా మనసులో ఐదు లెక్కపెట్టి నేను నోరు తెరిచేలోగా నా నోటి మీద చెయ్యి పెట్టేసి, కళ్ళు పేజీ మీంచి తీయకుండానే, "ఐదు చాలదమ్మా, పది లెక్కపెట్టు" అంది.